ఓడిపోవడం నేర్పిన పది రోజులు

కోచ్‌గా ఉన్నన్నాళ్లూ గెలవడం ఎంతమందికి నేర్పానో లెక్కపెట్టుకోలేదు. ఓడిపోవడం మాత్రం ఒక్కడికే పట్టుబట్టి నేర్పాను. పది రోజులు నేర్పాను. వాడికి రాలేదు. నా సర్వీసులో అంత ఘోరంగా ఫెయిలైన సందర్భం ఇంకొకటి లేదు. మెడలో విజిల్ వేసుకుని, సెల్‌ఫోన్‌లో ఫార్మేషన్లు గీసుకుంటున్న మీలాంటి కుర్ర కోచ్‌లు కనిపిస్తే నేను చెప్పేది ఆ కథే. గెలిచిన కథలు ఎవరైనా చెప్తారు, అందులో సగం కోతలు ఉంటాయి.

ముందు నా సంగతి కొంచెం వినండి. లాలాగూడ గ్రౌండ్లలో ఆడి పెరిగినవాణ్ణి. ఆట చూపించి సర్కారు నౌకరీ తెచ్చుకున్నాను. ఏ డిపార్ట్‌మెంటో చెప్పను, పెన్షన్ ఇంకా అక్కణ్ణుంచే వస్తోంది. పద్నాలుగేళ్లు ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ వింగ్ ఆడాను. వింగర్ అంటే గీత పక్కన పరిగెత్తేవాడు. బంతి అటు చివర ఉన్నంతసేపూ వాడికి పనేమీ ఉండదు. మా గ్రౌండ్‌కి ఎడమవైపు గోడ, ఆ గోడ అవతల ఇరానీ హోటల్. బంతి కుడివైపు వెళ్లగానే గోడ మీంచి ఒక చెయ్యి వచ్చి నాకు సగం కప్పు చాయ్ అందించేది. ఒకసారి చాయ్ తాగుతుండగానే బంతి వచ్చిపడింది. కప్పు వదలకుండా పరిగెత్తి బంతిని గోల్ ముందుకి కొట్టాను, మావాడెవడో తల ఆనించాడు, గోల్ అయింది. ఇప్పటికీ పాతవాళ్లు కలిస్తే గోల్ గురించి అడగరు, చాయ్ ఒలికిందా లేదా అని అడుగుతారు.

తర్వాత మోకాలు పోయింది. డాక్టరు ఆట ఆపెయ్యమన్నాడు, డిపార్ట్‌మెంట్ వాళ్లు కోచ్‌గా ఉండమన్నారు. పరిగెత్తడం మానేసి, పరిగెత్తేవాళ్ల మీద అరవడం మొదలుపెట్టాను. ఆ పని హాయిగానే ఉండేది, ఏడాదికి ఒక్క రోజు తప్ప.

ఆ ఒక్క రోజు మా డిపార్ట్‌మెంట్ వార్షికోత్సవం. సాయంత్రం ఆఫీసర్ల జట్టుకీ మా టీముకీ మ్యాచ్. ఆఫీసర్లు రెండు ఒకటితో గెలవాలి. ఇది ఎక్కడా రాసి లేదు, కానీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషికి కూడా తెలుసు. మాకు ఆ ఒక్క గోల్ ఎందుకంటే, ఎవరికీ అనుమానం రాకుండా. గెలుపు గోల్ మాత్రం ఆఫీసు మొత్తానికి పెద్దసారు ఎవరుంటే ఆయన కాలి నుంచే రావాలి. అంతకు ముందు ఒకడు మాట వినకుండా అదనంగా ఒక గోల్ కొట్టి, వారం తిరక్కుండా బొల్లారం అవతల గోడౌన్‌కి బదిలీ అయిపోయాడు. ఆ గోల్‌కీ ఆ బదిలీకీ సంబంధం ఉందో లేదో దేవుడికి తెలియాలి. మేము మాత్రం ఉందనే నమ్మాం.

ఓడిపోవడంలో ఏముంది, నిలబడితే చాలు కదా అనుకుంటారు మీరు. అలా అనుకునేవాళ్లు ఆఫీసర్లు ఆడగా చూడలేదన్నమాట. వాళ్లు ఇరవై అడుగులు నడిస్తే ఆయాసపడతారు. బంతి కాళ్ల దగ్గర పెట్టినా దాని పక్కన తంతారు. వాళ్ల చేత రెండు గోల్స్ కొట్టించాలి, అదీ చూసేవాళ్లకి నిజంగా కొట్టినట్టు కనిపించాలి. మా డిఫెండర్ సరిగ్గా ఏ క్షణంలో వంగి బూటు లేసు కట్టుకోవాలో నేను ప్రాక్టీసు చేయించేవాణ్ణి. అసలు నెగ్గుకొచ్చింది మా గోల్‌కీపర్ వల్ల. టీములో అందరికన్నా పెద్దవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. పక్క డిపార్ట్‌మెంట్లతో ఆడేటప్పుడు వాడు నిలబడితే గోడ. ఈ ఒక్క మ్యాచ్‌లో మాత్రం బంతి లోపలికి వెళ్లాక ఎంత అందంగా దూకేవాడంటే, ఆఫీసర్ల ఇంటివాళ్లు వీడియోలు తీసుకునేవారు.

ఇంత చక్కగా సాగిపోతున్న వ్యవహారంలోకి ఆ ఏడాది కొత్త వింగర్ ఒకడు వచ్చాడు. చిలకలగూడ కుర్రాడు. తండ్రి లేడు, తల్లి జాకెట్లు కుట్టి పెంచింది. స్పోర్ట్స్ కోటాలో చేరి రెండేళ్లు కావస్తోంది, ప్రొబేషన్ పూర్తవుతోంది. పెద్దసారు సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంట్, పెట్టకపోతే ఇంటికి. తల్లి మాత్రం అంతవరకూ ఆగలేదు, కొడుకు చేరిన రోజునే గల్లీ అంతా లడ్డూలు పంచేసింది. ఒకసారి గ్రౌండ్ గేటు దగ్గర నన్ను ఆపి, "సారూ, వీని నౌకరి పక్కా అయితది గదా? నేను అందరికీ చెప్పుకున్న. మళ్ల కాలేదంటే నేను గల్లీల తలెత్తుకోలేను" అంది. నాది పూచీ అన్నాను. మాట ఇవ్వడం నాకు చిన్నప్పటినుంచీ సులువు.

కుర్రాడు మంచివాడు, మర్యాదస్తుడు. వాడి లోపం ఒక్కటే, గోల్ తప్పించి కొట్టడం రాదు. వార్షికోత్సవానికి పన్నెండు రోజుల ముందు వాణ్ణి పక్కకు పిలిచి మా ఆనవాయితీ చెప్పాను. నోరు తెరుచుకుని విన్నాడు.

"అంటే కావాలనే ఓడిపోవాల్నా సార్?"

"ఓడిపోవుడు కాదురా, ఇజ్జత్ ఇచ్చుడు. నీకు బంతి వస్తది, కొడ్తవ్, జెర పక్కకు పోతది. గంతే."

"గంతే" అని నేను తేలిగ్గా అన్న పని నేర్పడానికి పది రోజులు తంటాలు పడ్డాను. సాయంత్రం టీము మొత్తం ఉండేది కాబట్టి వీడి ప్రత్యేక శిక్షణ పొద్దున పెట్టాను. మామూలుగా అయితే పొద్దున పూట వీళ్లు ఆఫీసులో సీటు దగ్గర ఉండాలి. గ్రౌండ్‌కి పిలిపించుకోవాలంటే నేను సూపరింటెండెంట్ గారికి లెటర్ ఇవ్వాలి, అందులో ఏ పని మీద పిలుస్తున్నానో రాయాలి. ఏమని రాయను? ఓడిపోవడంలో శిక్షణ అనా? లెటర్ తర్వాత చూసుకుందాం లెమ్మనుకున్నాను. నాన్నా, ఈ కథలో నా అసలు తప్పు ఇదే, మిగతావన్నీ దీని పిల్లలు.

మొదటి రోజు పైకి కొట్టమన్నాను. కొట్టాడు, పైన కమ్మీకి తగిలి లోపల పడింది. రెండో రోజు కుడి కాలితో కొట్టమన్నాను, వాడిది ఎడమ కాలు. అదీ లోపలికే పోయింది, వాడే ఆశ్చర్యపోయాడు. మూడో రోజు కళ్లు మూసుకోమన్నాను, అప్పుడూ లోపలికే. ఆఫీసుకి వెళ్తూ ఆగిన గోల్‌కీపర్ నా పక్కనే నిలబడి చూసి, "అన్నా, వీనికి తప్పు కొట్టుడు రాదు. దేవుడు ఇయ్యలే. నువ్వు పరేషాన్ గాకు, నన్ను పరేషాన్ చెయ్యకు" అని వెళ్లిపోయాడు. అయినా నేను వదల్లేదు. ఎదిగిన మనిషిని, మోకాలు నొప్పితో, ఎండలో నిలబడి, మంచి వింగర్‌ని చెడగొట్టడానికి పది పొద్దులు కష్టపడ్డాను. పదో రోజుకి ఒక్క బంతి పక్కకు పోయింది. శభాష్ అన్నాను. వాడి మొహం చూస్తే నాకే బాగా అనిపించలేదు, కానీ ఆ సంగతి అప్పుడు పైకి ఒప్పుకోలేదు.

మ్యాచ్ రోజు పొద్దున ఆఫీసు వరండాలో సూపరింటెండెంట్ మేడమ్ ఎదురైంది. ఖచ్చితమైన మనిషి. రిజిస్టర్‌లో గీత వంకరపోయినా ఊరుకోదు.

"మీ వింగర్ ఫైలు పైకి పంపిన అన్నా. పది దినాలు గైరుహాజరు అని నోట్ పెట్టిన."

"గైరుహాజరు ఏందమ్మా, వాడు గ్రౌండ్ల నా దగ్గరనే ఉన్నడు గదా."

"వాడు సుత అదే చెప్పిండు. లెటర్ ఏది? లెటర్ లేకుంటే నాకు గ్రౌండ్ అయినా ఒకటే, సినిమా హాల్ అయినా ఒకటే. ప్రొబేషన్ల పది దినాలంటే మామూలు మాట గాదు. పెద్దసారు తీసేయమని రాస్తే నేనేం చేసేది లేదు."

ఆ క్షణమే పైకి వెళ్లి, తప్పు నాదని పెద్దసారుకి చెప్పి ఉంటే సరిపోయేది. కానీ ఆ పది రోజులూ ఏం నేర్పావంటే ఏం చెప్పాలి? సాయంత్రం మీకు గోల్ ఇప్పించడం నేర్పాను సార్ అనా? అందుకని నా బుర్రకి తోచిన ఎత్తు ఇది: ముందు మ్యాచ్ ఓడిపోదాం, పెద్దసారు సంతోషంగా ఉంటాడు, గెలిచిన కప్పు చేతిలో ఉండగానే సంగతి చెప్పి సంతకం పెట్టించుకుందాం. భయపడ్డవాడికి ప్రతి ఎత్తూ గొప్పగానే కనిపిస్తుంది.

మ్యాచ్‌కి ముందు కుర్రాడికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "నీ ఫైలు పెద్దసారు టేబుల్ మీద ఉంది. తీసేయమని రాసేటట్టు ఉంది. తప్పు నాదే, నేను చూసుకుంట. నువ్వు మాత్రం ఇయ్యాల బంతి ముట్టకు. గోడ పక్కన నిలబడు. నీకు పాస్ ఇయ్యొద్దని అందరికీ చెప్పిన." వాడు తల ఊపి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు.

పెద్దసారు ఆ ఏడే గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చారు. రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ మనిషి, ఎక్కువ మాట్లాడరు. పొట్ట మీద జెర్సీ బిగుతుగా లాక్కుని సెంటర్ ఫార్వర్డ్‌గా దిగారు. సగం ఆట అయ్యేసరికి ఒకటి ఒకటి. అంతవరకూ కాగితం మీద రాసుకున్నట్టే జరిగింది. ఇక పెద్దసారు గోల్ ఒక్కటే బాకీ.

ఆ గోల్ పడదే. మావాళ్లు మొదటిసారి బంతిని ఆయన కాళ్ల ముందు వదిలేశారు, ఆయన కాలు గాల్లో తిరిగి వచ్చింది, బంతి అక్కడే ఉంది. రెండోసారి కొడితే మూలనున్న జెండా దగ్గరికి పోయింది. మూడోసారి తిన్నగానే కొట్టారు, కానీ లేసు కట్టుకుంటున్న మా డిఫెండర్ వీపుకి తగిలి ఆగిపోయింది. వాడు లేచి నావైపు క్షమించమన్నట్టు చూశాడు. టైమ్ అయిపోతోంది. రిఫరీ మావాడే, గడియారం చూడ్డం మానేశాడు.

నాలుగోసారి ఆయన ఒక్కరే ముందుకొచ్చారు. ఎదురుగా గోల్‌కీపర్ తప్ప ఎవరూ లేరు. మావాడికి ఓపిక నశించిందేమో, ఆయన కాలు ఎత్తకముందే అందంగా ఎడమవైపు దూకి, నేల మీద పడుకుని, కుడివైపంతా తెరిచిపెట్టాడు. పెద్దసారు ఆగిపోయారు. బంతి మీద కాలు పెట్టి నిలబడ్డారు. పడుకున్నవాణ్ణి కాసేపు చూశారు.

"లేవండి. నేను ఆగుతాను" అన్నారు.

గోల్‌కీపర్ లేచాడు. బట్టలు దులుపుకున్నాడు. నావైపు చూశాడు, నేను ఆకాశంవైపు చూశాను. పెద్దసారు రెండడుగులు వెనక్కి వేసి, ఉన్న బలమంతా పెట్టి కొట్టారు. నిజం చెప్పాలి, మంచి షాట్. మావాడు దాన్ని వదిలేసి ఉండొచ్చు, కానీ ఇరవై ఏళ్ల అలవాటు చేతుల్లో ఉంది. ఎగిరి పట్టేశాడు. పట్టాక చేతుల్లోకి చూసుకుని, వేరేవాళ్ల పిల్లని పొరపాటున ఎత్తుకొచ్చినవాడిలా బెదిరిపోయి, బంతిని తన నుంచి ఎంత దూరం పంపగలిగితే అంత దూరం విసిరేశాడు. అది వెళ్లి గోడ పక్కన పడింది.

అక్కడ మా కుర్రాడున్నాడు. మ్యాచ్ మొత్తంలో వాడికి అందిన మొదటి బంతి అదే. గీత వెంట పరుగు అందుకున్నాడు. నేను రెండు చేతులూ పైకెత్తి ఆగమని ఊపాను. ఒక ఆఫీసరుని దాటాడు, ఇంకొకాయన తనే పక్కకు తప్పుకున్నారు. లోపలికి తిరిగి ఎడమ కాలితో కొట్టాడు. పది రోజులు నేను కష్టపడి నేర్పిన విద్య ఒక్క ముక్క కూడా ఆ షాట్‌లో లేదు. బంతి వలలో పడింది. నాకు వాళ్లమ్మ మొహం కళ్లముందు కనిపించింది. రిఫరీకి ఒక్కసారిగా గడియారం గుర్తొచ్చి విజిల్ ఊదాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దసారు నుంచి పిలుపు. కుర్రాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, వాణ్ణి బయట మెట్ల మీద కూర్చోబెట్టి లోపలికి వెళ్లాను. టేబుల్ మీద వాడి ఫైలు తెరిచి ఉంది. ఆయన ఫైలు చూడ్డం లేదు, కిటికీలోంచి చూస్తున్నారు.

"కోచ్ గారూ, ఆ గోల్‌కీపర్ ఎప్పుడూ అలాగే పడుకుంటాడాండీ?"

"ఈ ఒక్క మ్యాచ్‌కే సార్."

"ప్రతి ఏడూనా?"

"అవును సార్."

ఆయన ఇటు తిరిగారు. "మా ఇంట్లో షోకేసులో మూడు కప్పులున్నాయండి. మూడూ ఇలాంటి మ్యాచ్‌లవే, మూడు పోస్టింగుల్లో. మా మనవడికి చూపించి, మీ తాత కుర్రప్పుడు ఆడకపోయినా యాభై దాటాక ఆడాడ్రా అని చెప్పాను. అక్కడ కూడా ఇంతేనంటారా?"

సర్వీసులో అంత కష్టమైన ప్రశ్న నన్నెవరూ అడగలేదు. అబద్ధం నాలుక చివరే ఉంది. కానీ ఆ మనిషి మొహం చూశాక చెప్పబుద్ధి కాలేదు. "నాకు తెల్వదు సార్. కానీ అక్కడ సుత మాలాంటి కోచ్‌లే ఉంటరు" అన్నాను. ఆయన తల ఊపారు. ఆయన మీద నాకు మొదటిసారి జాలేసింది, దాని వెనకే నామీద నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆఫీసర్లని సంతోషపెడుతున్నాననుకున్నాను. నిజానికి వాళ్లని వెర్రివాళ్లని చేశాను.

తర్వాత ఫైలు దగ్గరికి లాక్కున్నారు. "నిన్న ఆ కుర్రాణ్ణి గోల్ కొట్టమని ఎవరన్నారు?"

"నేనే సార్" అన్నాను. వాడి మీదికి ఏమీ పోకూడదని.

"ఈ పది రోజులు ఎక్కడున్నాడు?"

"నా దగ్గరే సార్. నేనే పిలిపించుకున్న. లెటర్ ఇయ్యలేదు, తప్పు నాది."

"ఏం చేయించారో కాగితం మీద రాయండి. ఉన్నది ఉన్నట్టు రాయండి."

కాగితం తీసుకున్నాను. ఆఫీసు భాష నాకు బాగానే వచ్చు. చెమటలు తుడుచుకుంటూ రాసింది ఇప్పటికీ నోటికి వచ్చు: "పైన పేర్కొన్న ఉద్యోగిని పది దినములపాటు ఉదయం వేళ, ముందస్తు అనుమతి లేకుండా, మైదానమునకు పిలిపించుకొని, గోల్ కొట్టకుండా ఉండుటలో శిక్షణ ఇచ్చితిని. ఇందులో సదరు ఉద్యోగి దోషము లేదు. శిక్షణ ఫలించలేదు." కింద సంతకం పెట్టి ఇచ్చాను.

ఆయన ఒకసారి చదివారు. మళ్లీ చదివారు. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. ఎంతసేపటికో తేరుకుని, నా కాగితం కింద తన చేత్తో, "శిక్షణ ఫలించని విషయము నేను స్వయంగా చూచితిని" అని రాసి, దాన్ని ఫైల్లో పెట్టి, ఫైలు మీద సంతకం చేశారు. నాకు మాత్రం సర్వీసు పుస్తకంలో ఎక్కేలా ఒక హెచ్చరిక ఇచ్చారు. నా మొత్తం సర్వీసులో అందుకున్న కాగితాల్లో నాకు పూర్తిగా తగిన కాగితం అదొక్కటే. ఆ తర్వాత ఆ మ్యాచ్ ఆనవాయితీ కూడా మారింది. మరుసటి ఏడు ఆఫీసర్లు ఏడు గోల్స్ తేడాతో ఓడిపోయారు, పెద్దసారు చివరిదాకా ఆయాసపడుతూ ఆడారు.

బయటికి వచ్చేసరికి కుర్రాడు మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు.

"పక్కా అయిందిరా. మీ అమ్మకు ఫోన్ చెయ్" అన్నాను.

మళ్లీ మెట్టు మీద కూలబడ్డాడు. ఫోన్ తియ్యలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నావి దాచుకోవడానికి కొంచెం గొప్పగా, "నేనే కొట్టమన్న అని చెప్పి నిన్ను కాపాడిన" అన్నాను.

వాడు మోచేత్తో మొహం తుడుచుకుని నావైపు చూశాడు. కోపం లేదు, వెటకారం లేదు.

"లేదు సార్. నేను మీ దిక్కు చూడనే లేదు. చూస్తే మీరు ఆపుతరని ఎర్కే."

వాడి పక్కనే మెట్టు మీద కూర్చున్నాను.

నేను రిటైరైన తర్వాత టీముకి వాడే కోచ్ అయ్యాడు. అప్పుడప్పుడు గ్రౌండ్‌కి వెళ్లి గోడ పక్కన నిలబడి చూస్తుంటాను. బాగా అరుస్తాడు, తిడతాడు, విజిల్ తెగ ఊదుతాడు. కానీ తన వింగర్ కాళ్ల దగ్గరికి బంతి వచ్చిందంటే మాత్రం నోరు మూసుకుని, రెండు చేతులూ ప్యాంటు జేబుల్లో పెట్టేసుకుంటాడు.